అక్షరం సైజు ముట్టుకోవద్దన్నా, జూమ్ పెంచుకోండి

ఆత్మకూరు నుంచి ఒక డాక్యుమెంట్ రైటర్ అన్న రాసిన ఉత్తరం, కొంచెం కుదించి పెడుతున్నా:

"నాకు యాభై నాలుగేళ్ళు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర చిన్న రూములో దస్తావేజులు రాస్తుంటా. ఇన్నాళ్ళూ పాత కంప్యూటర్లో వర్డ్ 2003 మీదే నెట్టుకొచ్చా, అది పోయింది, మా అమ్మాయి కొత్త లాప్‌టాప్ కొనిచ్చింది, దాంట్లో వర్డ్ 2021 ఉంది. అక్షరాలు చీమల్లాగా కనపడుతున్నాయి. అందుకని మొత్తం సెలెక్ట్ చేసి సైజు 20 పెట్టుకుని టైపు చేసి, ప్రింటు ముందు మళ్ళీ 14కి దించుతున్నా. దించాక హెడ్డింగులు, షెడ్యూలు (ఆస్తి వివరాలు రాసే భాగం) అన్నీ ఒకే సైజైపోయి పేజీలు తారుమారవుతున్నాయి. ఒక్కో ఫైలు ఒక్కో సైజులో తెరుచుకుంటుంది. పైన బటన్లన్నీ ఒక్కోసారి మాయమైపోతాయి, ఉన్నప్పుడు కూడా నాకు కావాల్సింది యాడుందో వెతుక్కోవాలి. ఇంకోటి, స్టాంపు పేపరు మీద పైన వదిలే జాగా నిన్నటిదాకా స్క్రీన్ మీద కనపడింది, ఇప్పుడు కనపడట్లా, ప్రింటు తీస్తే మాత్రం వస్తుంది. పాత వర్డే మళ్ళీ వేయించుకోవాలా? షాపులో ఉన్న రెండో కంప్యూటర్లో లిబ్రే ఆఫీస్ ఉంది, దాంట్లోనూ అక్షరాలు ఆనట్లేదు."

అన్నా, పాత వర్డ్ జోలికి మాత్రం పోవద్దు. 2003 వర్షన్‌కి 2014 ఏప్రిల్‌తోనే మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది, రోజూ పార్టీలు, అంటే దస్తావేజు రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు, తెచ్చే పెన్‌డ్రైవ్‌లన్నీ పెట్టే కంప్యూటర్లో దాన్ని ఉంచుకోవడం మంచిది కాదు. మీరు రాసిన ఇబ్బందులన్నీ సెట్టింగులతో పోయేవే. పార్టీలు లేని పూట చూసుకుని కూర్చోండి, అన్నీ సర్దుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ముందు చెప్తా, ఆ సైజు పెంచి దించే అలవాటు. ఫాంట్ సైజు అనేది కాగితానికి సంబంధించింది, ప్రింటులో అక్షరం ఎంత రావాలో అది చెప్తది. స్క్రీన్ మీద మనకి ఎంత కనపడాలో చెప్పేది జూమ్. మీరు మొత్తం సెలెక్ట్ చేసి 20 కొట్టిన క్షణంలో ఏమవుతుందంటే, హెడ్డింగు 18లో ఉన్నా షెడ్యూలు 12లో ఉన్నా అన్నీ పోయి 20 అయిపోతాయి, మళ్ళీ 14 కొట్టినప్పుడు వర్డ్‌కి ఏది ఎంతుండేదో గుర్తుండదు, అన్నిటికీ 14 వేసేస్తది. షెడ్యూలు టేబుల్లో ఉంటే గళ్ళు సాగిపోతాయి, పేజీ చివర సరిపోయిన లైను కిందకి దూకుతుంది, మీరు ఎంటర్లు కొట్టి సర్దుతారు, సైజు దించాక ఆ ఎంటర్లన్నీ ఖాళీ జాగాగా మిగిలిపోతాయి. మీ తప్పేం లేదన్నా, అక్షరం చిన్నగా ఉంటే ఎవరికైనా చెయ్యి ముందు అక్కడికే పోతది. కానీ ఇవాళ్టి నుంచి మాత్రం ఆపేయండి.

జూమ్ ఎక్కడుందంటే, వర్డ్ కిటికీ కింద కుడి మూలన ఒక సన్న గీత, దాని మీద జరిగే చిన్న ముక్క, ఎడమ పక్క మైనస్, కుడి పక్క ప్లస్, ఆ పక్కనే 100% అని అంకె ఉంటది. ఆ ముక్కని లాగినా, ప్లస్ నొక్కినా కనపడేది పెద్దదవుతుంది. మౌస్ ఉంటే కీబోర్డులో కంట్రోల్ నొక్కి పట్టుకుని మౌస్ చక్రం ముందుకు తిప్పండి, అదే పని. వర్డ్‌లో ఇది 10 శాతం నుంచి 500 శాతం దాకా పోతది. ఎంత పెంచినా పైన హోమ్‌లో ఉండే ఫాంట్ సైజు డబ్బా చూడండి, 14 అంటే 14 గానే ఉంటది, కాగితం మీద కూడా 14 గానే వస్తది. ఇది మీరు ఒక్కసారి చేసి, ఒక పేజీ 100లో పెట్టి ప్రింటు తీసి, అదే పేజీ 180లో పెట్టి ప్రింటు తీసి రెండూ పక్కపక్కన పెట్టుకోండి, తెల్ల కాగితం మీదే తీయండి. ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే మళ్ళీ ఫాంట్ సైజు ముట్టుకోబుద్ధి కాదు.

ఆ గీత కనపడకపోతే కింద ఆ పట్టీ మీదే ఎక్కడైనా రైట్ క్లిక్ కొట్టండి, ఒక పొడుగాటి లిస్టు వస్తది, దాంట్లో జూమ్ స్లైడర్, జూమ్ రెండిటికీ టిక్ పెట్టుకోండి. పేజీ నంబరు, వర్డ్ కౌంట్ కూడా అక్కడే ఉంటాయి, పేజీ నంబరు మీకు పనికొస్తది, ఉంచుకోండి.

అయితే ఎంత శాతం పెట్టుకోవాలి అనేది నన్ను చాలామంది అడుగుతుంటారు, నేను శాతం చెప్పను, పేజ్ విడ్త్ వాడమంటా. పైన వ్యూ ట్యాబ్‌లోకి పోతే పేజ్ విడ్త్ అని బటన్ ఉంటది, అది కొడితే కాగితం వెడల్పు మీ స్క్రీన్ వెడల్పుకి సరిగ్గా సరిపోయేట్టు వర్డే లెక్క కట్టి పెంచుతుంది, అడ్డంగా జరుపుకోవాల్సిన పని ఉండదు. ఇంకొంచెం పెద్దగా కావాలంటే కింద ఆ శాతం అంకె మీద క్లిక్ చేయండి, చిన్న డబ్బా తెరుచుకుంటుంది, దాంట్లో టెక్స్ట్ విడ్త్ అని ఉంటది, అది రెండు పక్కల మార్జిన్లు వదిలేసి రాతని మాత్రమే స్క్రీన్ నిండా చూపిస్తది. మీలాగా రోజంతా టైపు చేసేవాళ్ళకి ఇదే హాయి.

దస్తావేజు పనిలో జూమ్ ఎందుకు అంత ముఖ్యమో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది సౌకర్యం కోసం ఒక్కటే కాదు. తెలుగులో ద కింద చిన్న గీత పడితే ధ, లోపల చుక్క కూడా పడితే థ. 100 శాతంలో 14 సైజు అక్షరం ఉంటే ఆ గీత, ఆ చుక్క లాప్‌టాప్ స్క్రీన్ మీద ఉన్నాయో లేదో తేలదు, మాధవయ్య అని ఉందో మాదవయ్య అని ఉందో కళ్ళు తమంతట తామే సరిచేసుకుని చదివేస్తాయి. పేరు ఆధార్‌లో ఒకరకంగా, దస్తావేజులో ఒకరకంగా ఉంటే రేపు బ్యాంకుకి పోయినప్పుడు ఆ పార్టీ పడే అవస్థ మీకు నాకంటే బాగా తెలుసు. సర్వే నంబర్లు ఇంకా కష్టం, 214/1 కి 214/7 కి ఎంత తేడా ఉంటది చూపులో, 3 కి 8 కి ఎంత ఉంటది. మన నెల్లూరు వైపు సెంట్లతో పాటు అంకణాలు కూడా రాస్తాం కాబట్టి షెడ్యూలులో అంకెలు ఇంకా ఎక్కువ. అందుకని టైపు చేసేటప్పుడు పేజ్ విడ్త్ చాలు గానీ, ప్రూఫ్ చూసేటప్పుడు షెడ్యూలు, హద్దులు వచ్చే చోట మాత్రం 200కి పెంచి ఒక్కో అంకె వేలు పెట్టి చదవండి. తర్వాత సవరణ దస్తావేజు రాసుకోవడం కంటే ఇది ఎంతో నయం.

చదవడం అయిపోయాక ప్రింటుకి ముందు దీనికి తిరగేసి చేయాలి, అంటే చిన్నది చేసి చూడాలి. వ్యూలోనే వన్ పేజ్ అని ఇంకో బటన్ ఉంది, అది కొడితే కాగితం మొత్తం స్క్రీన్‌లో ఇముడుతుంది. లీగల్ కాగితం పొడుగు 14 అంగుళాలు, లాప్‌టాప్ స్క్రీన్ ఎత్తు తక్కువ, కాబట్టి అక్షరం చదవరాదు, ఫర్వాలేదు, అప్పుడు చూడాల్సింది అక్షరం కాదు. స్టాంపు బొమ్మకి వదిలిన జాగా ఉందా, చివరి పేజీలో సాక్షుల సంతకాల చోటు ఒక్కటే ఒంటరిగా పడిందా, షెడ్యూలు సగం ఈ పేజీలో సగం ఆ పేజీలో విరిగిందా, ఇవి చూసుకోవాలి. మల్టిపుల్ పేజెస్ కొడితే రెండు మూడు పేజీలు పక్కపక్కనే కనపడతాయి, నాలుగు పేజీల క్రయ దస్తావేజుకి అది ఇంకా బాగుంటది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఫైల్, ప్రింట్ లోకి పోయినప్పుడు సెట్టింగుల లిస్టులో అన్నిటికంటే కింద వన్ పేజ్ పర్ షీట్ అని ఉంటది, దాని లోపల స్కేల్ టు పేపర్ సైజ్ ఉంటది. అది జూమ్ కాదు, అది నిజంగానే కాగితం మీద సైజు మార్చేస్తది. ఎవరైనా అక్కడ ఏ4 పెట్టి వదిలేస్తే మీ లీగల్ పేజీ చిన్నదై వస్తది. ప్రింటు సైజు తేడాగా వచ్చిందంటే ముందు అక్కడ చూడండి. ఆ ప్రింట్ పేజీలో ప్రివ్యూ కింద ఉండే చిన్న జూమ్ గీత మాత్రం ఏం చేయదు, చూపు కోసమే.

ఇప్పుడు రెండోది, ఒక్కో ఫైలు ఒక్కో సైజులో తెరుచుకోవడం. ఫైలు సేవ్ చేసినప్పుడు జూమ్ ఎంతుందో ఆ అంకెని కూడా వర్డ్ ఫైల్లోనే దాచుకుంటుంది, కాబట్టి పాత కంప్యూటర్లో 75లో సేవ్ అయిన ఫైలు ఇక్కడ కూడా 75లోనే వస్తది, వేరే రైటర్ పంపింది ఆయన కళ్ళకి సరిపోయే సైజులో వస్తది. మరి మీరు జూమ్ పెంచి ఫైలు మూసేసినా మళ్ళీ తెరిస్తే పాతదే ఎందుకొస్తుందంటే, జూమ్ ఒక్కటే మారిస్తే వర్డ్ దాన్ని మార్పుగా లెక్కేసుకోదు, సేవ్ చేయాలా అని కూడా అడగదు. అందుకని జూమ్ పెట్టుకున్నాక ఎక్కడో ఒకచోట స్పేస్ కొట్టి, చెరిపేసి, అప్పుడు సేవ్ చేయండి.

అన్ని ఫైళ్ళకీ ఇట్టా చేస్తూ కూర్చోవద్దు. మీ దగ్గర క్రయ దస్తావేజుకి ఒకటి, దాన సెటిల్‌మెంటుకి ఒకటి, తనఖాకి ఒకటి, ఇట్టా నమూనా ఫైళ్ళు ఉంటాయి గదా, పాత పార్టీ పేర్లు తీసేసి కొత్తవి రాస్తారు గదా, ఆ నమూనాలకి మాత్రం చేసుకోండి. ఇంకా మంచి పని ఏందంటే సేవ్ యాజ్ కొట్టి, కింద ఫైల్ టైపులో వర్డ్ టెంప్లేట్ ఎంచుకోండి, అప్పుడు ఫైల్, న్యూ లోకి పోతే పర్సనల్ అని రాసి ఉన్న చోట మీ నమూనాలన్నీ కనపడతాయి. ఒకదాని మీద క్లిక్ చేస్తే దాని కాపీ కొత్త డాక్యుమెంటుగా తెరుచుకుంటుంది, అసలు నమూనా చెడిపోదు. పోయిన పార్టీ ఆధార్ నంబరు ఈ పార్టీ దస్తావేజులో ఉండిపోయే ప్రమాదం కూడా తప్పుద్ది, నమూనాలో ఆ చోట్లన్నీ చుక్కలు పెట్టుకుంటే.

వాట్సాప్‌లోనో మెయిల్లోనో వచ్చిన ఫైళ్ళ సంగతి వేరు. అవి తెరిస్తే పైన పసుపు పట్టీ వస్తది, ప్రొటెక్టెడ్ వ్యూ అని, పంపినవాళ్ళు తెలిసినవాళ్ళయితేనే ఎనేబుల్ ఎడిటింగ్ కొట్టండి. కొన్ని రీడ్ మోడ్‌లో తెరుచుకుంటాయి, పేజీలు పుస్తకం విప్పినట్టు పక్కకి జరుగుతాయి, బటన్లేవీ ఉండవు. ఎస్కేప్ కొడితే మామూలుగా వచ్చేస్తది. అసలు రావద్దనుకుంటే ఫైల్, ఆప్షన్స్, జనరల్ లో కిందికి పోతే ఈమెయిల్ అటాచ్‌మెంట్లని రీడింగ్ వ్యూలో తెరవాలి అనే అర్థం వచ్చే లైను ఒకటి ఉంటది, దాని టిక్ తీసేయండి. మామూలుగా మీరు ఎప్పుడూ ఉండాల్సింది ప్రింట్ లేఅవుట్‌లో. పొరపాటున వెబ్ లేఅవుట్ నొక్కితే పేజీలే కనపడవు, లైన్లు స్క్రీన్ చివరిదాకా పోతాయి, కంగారు పడొద్దు, వ్యూలో ప్రింట్ లేఅవుట్ కొట్టండి, రాత ఏమీ చెడదు.

వ్యూలో సైడ్ టు సైడ్ అని ఇంకో బటన్ ఉంది, అది నొక్కి ఉంటే జూమ్ బటన్లు బూడిద రంగులోకి పోయి పనిచేయవు. జూమ్ అసలు కదలట్లేదంటే కారణం చాలాసార్లు అదే, పక్కనున్న వర్టికల్ కొడితే తిరిగొస్తది.

స్టాంపు పేపరు పైన జాగా కనపడట్లేదన్నారు. మీ మౌస్ రెండు పేజీల మధ్యలో ఉండే బూడిద రంగు సందు మీద ఎప్పుడో డబుల్ క్లిక్ అయ్యుంటది. అట్టా అయితే వర్డ్ పై మార్జిన్, కింద మార్జిన్ రెండూ దాచేసి రాతని దగ్గరికి తెచ్చి చూపిస్తది, ప్రింటులో మాత్రం మార్జిన్ అట్టాగే ఉంటది, మీకు జరిగింది అక్షరాలా ఇదే. పేజీకీ పేజీకీ మధ్య ఉన్న గీత మీదకి మౌస్ తీసుకుపోతే రెండు బాణాల గుర్తు కనపడతది, అప్పుడు మళ్ళీ డబుల్ క్లిక్ కొట్టండి. కుదరకపోతే ఫైల్, ఆప్షన్స్, డిస్‌ప్లే లో మొదటి లైనే షో వైట్ స్పేస్ అని ఉంటది, టిక్ పెట్టండి. రూలర్ కూడా వ్యూలో ఆన్ చేసుకుంటే ఎన్ని అంగుళాలు వదిలారో ఎడమ పక్క నిలువు రూలర్ మీద కళ్ళకి కనపడతా ఉంటది. అన్నట్టు మొదటి పేజీలో ఆ జాగా ఎంటర్లు కొట్టి వదులుతుంటే మానేయండి, మొదటి పేరా మీద కర్సర్ పెట్టి లేఅవుట్ ట్యాబ్‌లో స్పేసింగ్ బిఫోర్ అనే చోట అంకె ఇవ్వండి, 72 పాయింట్లు అంటే ఒక అంగుళం, ఐదంగుళాలు కావాలంటే 360. ఫాంట్ మారినా అది కదలదు.

ఇక బటన్లు మాయమవడం. పైన హోమ్, ఇన్సర్ట్ లాంటి పేర్లు మాత్రం ఉండి కింద పట్టీ మొత్తం పోయిందంటే అది మడుచుకుంది అంతే. ఆ పేర్లలో దేని మీద డబుల్ క్లిక్ పడినా మడుచుకుంటుంది, మళ్ళీ డబుల్ క్లిక్ కొడితే విచ్చుకుంటుంది. కంట్రోల్ పట్టుకుని ఎఫ్ 1 కొట్టినా సరే, కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాల్సి ఉంటది. పేర్లు కూడా లేకుండా పోయాయంటే ఫుల్ స్క్రీన్ మోడ్‌లో పడ్డారు, స్క్రీన్ పై అంచున క్లిక్ చేస్తే రిబ్బన్, అంటే ఆ బటన్ల పట్టీ, దిగుతుంది, దాని కుడి చివర చిన్న బాణం గుర్తు ఉంటది, అది నొక్కి ఆల్వేస్ షో రిబ్బన్ ఎంచుకోండి.

ఇప్పుడు అసలు మీకు ఎక్కువ లాభమిచ్చే సంగతి, మీ సొంత టూల్‌బార్. వర్డ్ 2003లో ఉన్న ఆ రెండు వరసల బటన్లు 2007 నుంచి పోయాయి, వాటి బదులు రిబ్బన్ వచ్చింది, అయినా మన ఇష్టానికి వదిలేసిన పట్టీ ఒకటి ఉంది, క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అంటారు. రిబ్బన్ మీద ఎక్కడైనా రైట్ క్లిక్ కొట్టండి, షో క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అని ఉంటే దాన్ని నొక్కండి, హైడ్ అని ఉంటే ఆల్రెడీ ఉన్నట్టే. మళ్ళీ రైట్ క్లిక్ కొట్టి షో బిలో ద రిబ్బన్ ఎంచుకోండి, అప్పుడు ఆ పట్టీ మీ కాగితానికి ఆనుకుని పైనే వస్తది, చూపు దూరం పోదు.

దాంట్లోకి బటన్ చేర్చడం చాలా తేలిక. మీకు కావాల్సిన బటన్ రిబ్బన్‌లో ఎక్కడున్నా దాని మీదే రైట్ క్లిక్ కొట్టి, యాడ్ టు క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అనండి, అంతే, వచ్చి కూర్చుంటది. మీ పనికి నేనైతే ఇవి పెట్టుకోమంటా: సేవ్, అన్‌డూ లేకపోతే ముందు అవి చేర్చుకోండి, వాటి పక్కన వ్యూ ట్యాబ్ నుంచి పేజ్ విడ్త్, వన్ పేజ్, ఆ తర్వాత హోమ్ నుంచి ఫార్మాట్ పెయింటర్, ఫైండ్, ఆ తర్వాత ప్రింట్ ప్రివ్యూ. ఇంతకంటే ఎక్కువ పెట్టొద్దు, ఇరవై బటన్లు పేర్చుకుంటే మళ్ళీ వెతుకులాటే. క్విక్ ప్రింట్ అని ఒకటుంటది, అది మాత్రం ససేమిరా పెట్టొద్దన్నా. అది ఏమీ అడక్కుండా నేరుగా ప్రింటర్‌కి పంపేస్తది, ట్రేలో స్టాంపు పేపరు ఉన్నప్పుడు సేవ్ బదులు దాని మీద వేలు పడిందంటే పార్టీ డబ్బులు పోయినట్టే.

ఆ బటన్లకి ఎడమ నుంచి వరసగా నంబర్లు ఉంటాయి. ఆల్ట్ నొక్కి చూడండి, ఒక్కో బటన్ దగ్గర 1, 2, 3 అని కనపడతాయి. మూడోది పేజ్ విడ్త్ అయితే ఆల్ట్ పట్టుకుని 3 కొడితే చాలు, మౌస్ పట్టుకోవాల్సిన పనే లేదు. కాబట్టి ఎక్కువ వాడేవి ముందుకి తెచ్చుకోండి. ఫైల్, ఆప్షన్స్ లో క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అని ఉంటది, అక్కడ కుడి పక్క మీ బటన్ల లిస్టు, దాని పక్కన పైకీ కిందకీ బాణాలు. ఆ లిస్టు పైన ఫర్ ఆల్ డాక్యుమెంట్స్ అని ఉందో లేదో చూసుకోండి, ఒక్క ఫైలు పేరు ఉంటే ఆ బటన్లు ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా కనపడవు.

ఇంకొంచెం ఓపిక ఉంటే అదే ఆప్షన్స్‌లో కస్టమైజ్ రిబ్బన్ కూడా ఉంది. న్యూ ట్యాబ్ కొట్టి, రీనేమ్ చేసి దస్తావేజు అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు, బాణంతో హోమ్ పక్కకి తెచ్చుకోవచ్చు. వర్డ్ ఇచ్చిన పాత గ్రూపుల్లోకి మన బటన్లు చేరవు, మన గ్రూపులోనే వేసుకోవాలి, అదొక్కటే నియమం. ఈ ట్యాబ్‌లో బటన్లు పేర్లతో సహా కనపడతాయి కాబట్టి కంటికి కొంచెం సుఖం. కానీ ముందు ఆ చిన్న పట్టీతో నెల రోజులు పని చేసి చూడండి, చాలామందికి అదే సరిపోద్ది.

బటన్లు, మెనూల అక్షరాలు కూడా చిన్నగా ఉన్నాయి అంటే వర్డ్ జూమ్ వాటిని పెంచలేదు, అది కాగితాన్నే పెంచుతుంది. దానికి విండోస్ సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే లో స్కేల్ అని ఉంటది. మీది ఈమధ్య వచ్చే మామూలు లాప్‌టాప్ అయితే స్క్రీన్ 1920 బై 1080 ఉండొచ్చు, అక్కడ 125 ఉంటే 150 చేయండి. అన్నీ పెద్దవవుతాయి. అయితే 150 పెడితే చోటు లెక్కకి 1280 బై 720 స్క్రీన్ లాగా పనిచేస్తది, రిబ్బన్‌కి జాగా చాలక కొన్ని గ్రూపులు ముడుచుకుపోయి ఒక్క బొమ్మగా మిగిలి కింద చిన్న బాణం పెట్టుకుంటాయి. మీరు బటన్లు వెతుక్కుంటున్నారంటే ఇప్పటికే ఇదే జరుగుతుండొచ్చు. సొంత పట్టీ పెట్టుకోమని అంతగా చెప్పేది ఇందుకే, రిబ్బన్ ఎంత ముడుచుకున్నా మీ ఏడెనిమిది బటన్లు కదలవు. వాటి మధ్య ఎడం ఇంకొంచెం కావాలంటే ఆ పట్టీ చివర ఉండే చిన్న బాణం నొక్కి టచ్ మౌస్ మోడ్ చేర్చుకుని టచ్ పెట్టండి, బటన్లు దూరం దూరంగా జరుగుతాయి.

కళ్ళద్దాల మాట కూడా ఒకటి చెప్పాలన్నా. రెండు భాగాల అద్దాలు వాడుతుంటే కింది భాగం చేతిలో కాగితం చదివే దూరానికి ఇస్తారు, స్క్రీన్ అంతకంటే దూరంగా, పైగా ఉంటది, అందుకే గడ్డం పైకెత్తి చూసి చూసి మెడ పట్టేస్తది. ఈసారి పరీక్ష చేయించుకునేటప్పుడు స్క్రీన్ ఎంత దూరంలో పెట్టుకుంటారో టేపుతో కొలుచుకుని పోయి చెప్పండి.

అన్నీ సర్దుకున్నాక ఆప్షన్స్‌లో అదే క్విక్ యాక్సెస్ పేజీ కింద ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ అని ఉంటది, ఎక్స్‌పోర్ట్ ఆల్ కొట్టి ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. రేపు లాప్‌టాప్ ఫార్మాట్ చేసినా దాన్ని ఇంపోర్ట్ చేస్తే మీ బటన్లన్నీ తిరిగొస్తాయి. ఇంపోర్ట్ చేసినప్పుడు అప్పటికి ఉన్నవి చెరిగిపోయి ఇవే వస్తాయి, అది గుర్తుంచుకుంటే చాలు.

లిబ్రే ఆఫీస్ కంప్యూటర్ సంగతి, వర్డ్ 2003 అలవాటున్న మీకు అదే ఇంకా దగ్గరగా ఉంటది. వ్యూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అని ఉంది, దాంట్లో స్టాండర్డ్ టూల్‌బార్ ఎంచుకుంటే పాత వర్డ్‌లో లాగే మెనూలు, కింద రెండు వరసల బటన్లు వస్తాయి. టూల్‌బార్ మీద రైట్ క్లిక్ కొట్టి విజిబుల్ బటన్స్‌లో వద్దన్నవి తీసేయొచ్చు, కస్టమైజ్ టూల్‌బార్‌లో కొత్తవి చేర్చొచ్చు. బొమ్మలు పెద్దవి కావాలంటే టూల్స్, ఆప్షన్స్, లిబ్రే ఆఫీస్, వ్యూ లో ఐకాన్ సైజు ఎక్స్‌ట్రా లార్జ్ పెట్టండి. జూమ్ అక్కడ కూడా కుడి కింద మూలే, శాతం మీద రైట్ క్లిక్ కొడితే పేజ్ విడ్త్ వస్తది. కానీ ఒక దస్తావేజు వర్డ్‌లో మొదలుపెడితే ప్రింటు కూడా వర్డ్ నుంచే తీయండి, లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే లైన్లు అటూ ఇటూ జరిగి పేజీలు మారే అవకాశం ఉంది. తప్పదంటే పీడీఎఫ్ చేసి అక్కడికి తీసుకుపోండి, పీడీఎఫ్ కదలదు.

ముందు జూమ్, నమూనా ఫైళ్ళు సరిచేసుకోండి, టూల్‌బార్ తర్వాత చూసుకోవచ్చు. నేను చెప్పిన పేరు మీ మెనూలో కనపడకపోతే ఆ స్క్రీన్ ఫోన్‌తో ఫోటో తీసి పంపండి, పార్టీల వివరాలు మాత్రం ఫోటోలో పడకుండా ఖాళీ ఫైలు తెరిచి తీయండి.